ఐదింటి హాజరు

నాలుగుంపావు. ఇంకా ముప్పావుగంట ఉంది. ముప్పావుగంట అంటే తక్కువేమీ కాదు, ఆ పాటి వ్యవధిలో ఒకప్పుడు తీరం పొడుగునా ఉన్న పడవలన్నిటికీ తుఫాను కబురు అందించిన చెయ్యి తనది, అలాంటిది రేడియోలో జొరబడ్డ ఒక గోలను పట్టుకోలేకపోవడమేమిటి, ఆరు నూరైనా ఇవాళ పట్టుకుని తీరాల్సిందే అనుకుంటూ ఆవిడ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. మోకాళ్ళ మీద కాపడం పట్టీ కప్పుకుంది, దాని స్విచ్చి వేసింది, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. బల్ల మీద రేడియో సెట్టు, దాని పక్కన చుక్కలూ గీతలూ కొట్టే మోర్సు కీ, ఆ పక్కన విన్నవన్నీ రాసే లాగ్ బుక్కు, దాని మీద పెన్సిలు, అన్నీ వాటి వాటి చోట్ల ఉన్నాయి, కళ్ళు మూసుకుని చెయ్యి చాపినా దొరుకుతాయి, ముప్పై ఒక్క ఏళ్ళు తీరపు రేడియో స్టేషన్లో పనిచేసి రిటైరైన మనిషి బల్ల అలాగే ఉంటుంది మరి. వీధిలో అందరూ ఆవిడను సిగ్నలమ్మ అంటారు. వెనకాల ఇంకేమైనా అంటారేమో తెలియదు, అన్నా ఆవిడ పట్టించుకోదు, ఆ చెవులు రేడియో కోసం పుట్టాయి గానీ చాడీల కోసం కాదు. ప్రస్తుతానికి చెవుల్లో అంతా ప్రశాంతంగానే ఉంది. దూరాన ఎవరో నెమ్మదిగా చుక్కలూ గీతలూ కొడుతున్నారు, వెనకాల సన్నగా వాన కురుస్తున్నట్టు సవ్వడి, అంతే. కానీ దీన్ని నమ్మడానికి లేదు. పదకొండు రోజులుగా ఇదే తంతు, మొదట ఇంత మంచి నిశ్శబ్దం, పావుగంట పోగానే గోల.

ఐదింటికి హాజరు. పాత ఆపరేటర్లు పద్నాలుగు మంది, ఒక్కొక్కరు ఒక్కో ఊళ్ళో, రోజూ సాయంత్రం ఐదింటికి రేడియోలో ఒక్కచోట చేరతారు. అందరూ పెద్దాయన అని పిలిచే ఎనభై ఏళ్ళ ఆయన ఒకటి, రెండు, మూడు అని వరసగా అంకెలు పిలుస్తారు. ఎవరి అంకె వస్తే వాళ్ళు కీ మీద హాజరు అని కొట్టి, తమకు ముందు పలికినవాళ్ళు ఎంత బాగా వినిపించారో ఒక్క అంకెలో చెప్పాలి, ఒకటంటే లీలగా, తొమ్మిదంటే ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టు. కుశలప్రశ్నలు లేవు, లోకాభిరామాయణం లేదు, హాజరు పూర్తయ్యేదాకా ఎవరూ మధ్యలో తలదూర్చకూడదు, అది పెద్దాయన చట్టం. ఆవిడ అంకె ఏడు. ఎనిమిది ఆవిడ తమ్ముడు. తొమ్మిదేళ్ళుగా ఆ అక్కకూ ఆ తమ్ముడికీ మాటల్లేవు, ఫోన్లు లేవు, రాకపోకల్లేవు. అయినా ప్రతి సాయంత్రం ఆవిడ హాజరు పలకగానే తమ్ముడు తన హాజరు పలికి, అక్క తనకెంత వినిపించిందో చెప్పక తప్పదు. నాలుగు అంటాడు. ఒక్కోరోజు ఐదు. ఆకాశంలో మెరుపులు ఉన్న రోజున రెండు. వరస మార్చమని ఇద్దరూ ఎవరికి వారు పెద్దాయనను చాటుగా అడిగారు, ఆయన ఇద్దరికీ ఒకే సమాధానం చెప్పారు, ఏడు తర్వాత ఎనిమిదే వస్తుందమ్మా, ఎనిమిదికి ముందు ఏడే ఉంటుందయ్యా అని. అలా రోజుకొక అంకె. తొమ్మిదేళ్ళుగా తమ్ముడి దగ్గర్నుంచి ఆవిడకు అందుతున్నది అదొక్కటే, ఈ పదకొండు రోజులుగా అదీ అందలేదు, మిగతావాళ్ళు గోలలోంచి ఎలాగో తల పైకెత్తి పలుకుతున్నారు గానీ వాడిది బక్క సిగ్నలు, చిన్న మేడ మీద చిన్న ఏరియల్ తీగ, గోల వచ్చిందంటే మునిగిపోతాడు.

నిన్న పెద్దాయన ఫోను చేశారు. "అమ్మా ఏడూ, ఎనిమిది ఎల్లుండి ఇల్లు ఖాళీ చేస్తున్నాడు. కొత్తింట్లో మేడ మీద తీగలు కట్టనివ్వరంట. రేపే అతని ఆఖరి హాజరు. నీకు చెప్పమని అతను అనలేదు, నేనే చెబుతున్నా" అన్నారు. రేపు అంటే ఇవాళ. ఇవాళ ఐదింటికి ఆ అంకె వినకపోతే ఇక ఎప్పటికీ వినేది లేదు, ఆ చెయ్యి వినేది లేదు. చెయ్యి అంటే మామూలు మనుషులకు అర్థం కాదు గానీ కీ కొట్టేవాళ్ళకు తెలుసు, గొంతుకు గొంతు ఎలా వేరో చేతికి చెయ్యి అలా వేరు. వాడు ప్రతి మాట చివరి గీతను కాస్త సాగదీస్తాడు, కంచం మీద చెంచాతో నేర్పింది తనే, పదేళ్ళ వయసులో వాడికి ఆ చప్పుడు ఆగడం ఇష్టముండేది కాదు, చివరి దెబ్బ కొట్టి కంచం మీద చెంచాను అలా జార్చేవాడు, జీయ్‌మని సాగేది, అమ్మ వంటింట్లోంచి ఒరేయ్ కంచం సొట్టలు పోతుందిరా అని కేకలేసేది. జలుబు చేస్తే వాడి చుక్కలు తొందరపడతాయి. ఆడపిల్ల పుట్టిన రోజున అంకె చెప్పడానికి రెండుసార్లు తడబడ్డాడు, ఏమైందో అని ఆవిడ ఆ రాత్రంతా కంగారుపడింది, తెల్లారి పెద్దాయన చెబితే తెలిసింది. మేనత్తనయ్యానని పక్కింటివాళ్ళ ద్వారా తెలుసుకునేవాళ్ళు ఉంటారు గానీ అంకెలో తడబాటు ద్వారా తెలుసుకున్నది బహుశా ప్రపంచంలో తనొక్కతే.

ఫోను చేయొచ్చు కదా అంటారు ఆవిడ భర్త. లెక్కల మాస్టారుగా రిటైరైన ఆయనకు అన్నీ కూడికలూ తీసివేతలే. ఎందుకు చేయాలి, తప్పు చేసినవాడు చేయాలి. తను ఏం చేసిందని, లాగ్ బుక్కులో ఉన్నది ఉన్నట్టు రాసింది. షిఫ్టు ఇన్‌ఛార్జి తనే, అదే షిఫ్టులో ఆపరేటరైన వాణ్ణి తమ్ముడని చూసీచూడనట్టు వదిలేస్తే రేపు సముద్రంలో ఉన్నవాళ్ళకు ఎవరు జవాబు చెబుతారు. ఆరు నిమిషాలు. ఒక చేపల పడవ ఇంజను పాడై ఆరు నిమిషాలు పిలిస్తే వినే కుర్చీలో ఉన్నవాడు వినలేదు. దేవుడి దయవల్ల కింది తీరంలో ఇంకో స్టేషను వాళ్ళు విన్నారు, అందరూ బతికారు, అది వేరే సంగతి. వినలేదని రాసింది, నిజమేగా. విచారణలో ఆయనెవరో కళ్ళజోడాయన, అతను మీ తమ్ముడు కదా అంటే, ఇక్కడ తమ్ముడెవరూ లేరండీ, ఆపరేటరు ఉన్నాడు అంది. ఆ మాట అన్నందుకు చాలా రోజులు గర్వపడింది కూడా. ఆ తర్వాత వాడు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, బస్సులో నాలుగు గంటల దూరంలో ఒక ఊరికి పోయి రేడియోలూ టీవీలూ బాగుచేసుకుంటూ బతుకుతున్నాడు. పోతూ గుమ్మంలో నిలబడి ఒక మాటన్నాడు. సరే, ఆ మాట ఇప్పుడెందుకు, గోల సంగతి చూడాలి.

పదకొండు రోజుల్లో ఆవిడ చేయని పరిశోధన లేదు. మొదటి రోజే మెయిన్ స్విచ్చి దించి, బ్యాటరీ మీద సెట్టు పెట్టి విన్నది, గోల లేదు. మళ్ళీ మెయిన్ వేసి కూర్చుంది, అప్పుడూ గోల లేదు. పావుగంట తర్వాత మొదలైంది. ఇంట్లో దొంగైతే మెయిన్ వేయగానే కూయాలి కదా, పావుగంట ఆగుతుందా, కాబట్టి ఇది బయటి దొంగ అని ఆవిడ తీర్పు చెప్పేసింది, లెక్క అంత తేటగా ఉంది. ఇక వీధి మీద పడింది. ఎదురుగా ఉన్న టైలరు మిషను మోటారులో బ్రష్షులు అరిగిపోయాయని కనిపెట్టి మార్పించింది, అది నిజంగానే బుర్రుమనేది, కానీ ఈ గోల అది కాదు. మేడ మీద అద్దెకున్న నర్సు కొత్తగా పెట్టుకున్న బల్బు తీయించింది, పాపం ఆ పిల్ల నాలుగు రోజులు చీకట్లోనే తల దువ్వుకుంది. మూల మీది జిరాక్సు షాపువాడు ఆవిడ చేతి రేడియో పట్టుకుని మలుపు తిరగడం చూస్తే చాలు, మిషను ఆపేసి చేతులు పైకెత్తుతున్నాడు. రోజూ ఐదింటికి టైలరు మిషను ఆపుకుని గుమ్మంలో నిలబడి, "అమ్మా, నేను ఆపేశా, ఇంకా వస్తోందా?" అని అడగడం, ఆవిడ కిటికీలోంచి వస్తోందని తల ఊపడం, ఇదొక ముచ్చటైపోయింది. వింత ఏమిటంటే ఆవిడ కుర్చీలోంచి లేచి వెతకడానికి బయల్దేరిన ప్రతిసారీ గోల ఆగిపోయేది. వెతికి వేసారి వచ్చి కూర్చుంటే మళ్ళీ కాసేపటికి వచ్చేది. ఆ గోలకు కూడా తనంటే భయమేననుకుని ఆవిడ లోలోపల కాస్త సంతోషపడింది కూడా, అబద్ధమెందుకు.

వచ్చింది. నాలుగున్నర కొడుతుండగా వచ్చింది, ముందు చిన్న చిటపట, తర్వాత ఎవరో రేకు మీద ఇసుక పోసి గీకుతున్నట్టు బర్రున ఒకటే గోల, దూరాన కొడుతున్న చుక్కలూ గీతలూ అందులో ఎక్కడ కలిసిపోయాయో కూడా తెలియలేదు. లేవబోయి ఆగింది. లేదు, ఇవాళ లేవకూడదు. లేస్తే పారిపోతోంది కదా, ఇవాళ తను కుర్చీలోనే ఉండి గోలను మాటల్లో పెట్టాలి, ఇంకొకళ్ళు వెళ్ళి పట్టుకోవాలి. ఇన్ని రోజులూ ఈ ఆలోచన రాక కాదు, ఇంకొకళ్ళ చెవులను నమ్మే అలవాటు ఆవిడకు లేదు. కానీ అరగంటే ఉంది. "ఏమండీ" అని పిలిచింది. మాస్టారు పేపరు మడిచి వచ్చారు. చేతి రేడియో ఇచ్చి, ఏ స్టేషనూ పలకని చోట ముల్లు పెట్టి, "ఇది పట్టుకుని ఇల్లంతా తిరగండి, గోల ఎక్కడ పెరిగితే అటు వెళ్ళండి, ఎక్కడ తగ్గితే వెనక్కి రండి, ఏ స్విచ్చీ ముట్టుకోకండి, మీ బుర్ర వాడకండి, చెవులు వాడండి చాలు" అని చెప్పింది.

"బుర్ర వాడొద్దని చెప్పి పంపుతున్నావు, మంచిది, ఇంతకన్నా తేలిక పని ఇంతవరకూ ఇవ్వలేదు నాకు" అంటూ ఆయన చేతిలో రేడియోతో బయల్దేరారు. కాసేపటికి గేటు దగ్గర్నుంచి "ఇక్కడ తక్కువే" అని కేక వేశారు. మేడ మెట్ల దగ్గర ఇంకా తక్కువ. వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్జు పక్కన నిలబడి, "ఇది అమాయకురాలే, వదిలేద్దాం" అన్నారు. ఆవిడకు విసుగొచ్చింది, రేడియోను అటూ ఇటూ తిప్పుతున్నారో లేదో, కిటికీ వైపు పెట్టారో లేదో, లెక్కల మాస్టార్లకు అంకెలు కనిపిస్తాయి గానీ చప్పుళ్ళు వినిపించవు. ఇంతలో ఆ రేడియో గది గుమ్మం దాటి లోపలికి వచ్చింది, వస్తూనే బుర్రుమంది, బల్ల దగ్గరికి వచ్చేసరికి గీపెట్టింది. ఆయన వంగి ఆవిడ మోకాళ్ళ దగ్గర పెట్టేసరికి ఇక ఒకరి మాట ఒకరికి వినపడలేదు. మాస్టారు నిటారుగా నిలబడి రేడియో గొంతు తగ్గించారు.

"నువ్వే" అన్నారు.

"నేనేమిటి?"

"గోల. ముప్పై ఎనిమిదేళ్ళుగా నాకు అనుమానంగా ఉండేది, ఇవాళ రుజువైంది."

ఆవిడ మోకాళ్ళ వైపు చూసుకుంది. కాపడం పట్టీ. పన్నెండు రోజుల కిందట మేడ మీది నర్సమ్మే, అదే, బల్బు పోగొట్టుకున్న పిల్ల, పెద్దమ్మగారూ మీ మోకాళ్ళకు ఇది వాడండి అని తెచ్చిపెట్టింది. ఆ మర్నాటి నుంచే గోల. వంగి ప్లగ్గు పీకింది. చెవుల్లో బర్రున మోగుతున్నదంతా తలుపు వేసినట్టు ఆగిపోయింది, దూరాన ఇందాకటి చుక్కలూ గీతలూ మళ్ళీ వినిపించాయి, పాపం అతనెవరో ఇంతసేపూ కొడుతూనే ఉన్నాడు. "చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికావే" అన్నారు మాస్టారు, ఆవిడ కూడా కడుపుబ్బ నవ్వింది, టైలరు మొహం గుర్తొచ్చి మళ్ళీ నవ్వింది. బర్రుమన్నది ఎందుకో చూడకుండానే తెలిసింది. లోపల ఒక చిన్న రేకు ఉంటుంది, వేడి చాలగానే విడిపోవాలి, చల్లారగానే అంటుకోవాలి, ఈ రేకు విడిపోనూ విడిపోక అంటుకోనూ అంటుకోక మధ్యలో చిటపటలాడుతోంది, ఆ నిప్పురవ్వల చప్పుడే రేడియోలో గోల. పట్టీ చల్లగా ఉన్నంతసేపు గోల ఉండదు, పావుగంటకు వేడెక్కాకే మొదలవుతుంది, అందుకే మెయిన్ వేయగానే కూయలేదు. మరి తను లేచినప్పుడల్లా ఎందుకు ఆగేది. లేచేముందు తను పట్టీ ఆపి లేస్తుంది కాబట్టి. అజాగ్రత్తగా ఉండే మనిషైతే ఆపకుండా లేచేది, తిరిగేది, మొదటి రోజే దొరికేది. తను జాగ్రత్త మనిషి. కుర్చీ వదిలితే వేడి ఆపాలి. అది స్టేషన్లో తను పెట్టిన నియమమే, తన దస్తూరీతోనే రాసి గోడకు అంటించింది.

గోడ కళ్ళ ముందుకు వచ్చింది. ఆ గోడ, దాని కింద బల్ల, బల్ల కింద హీటరు. నవ్వు ఎక్కడ ఆగిందో ఆవిడకే తెలియలేదు. చలికాలంలో తెల్లవారుజాము షిఫ్టు వాళ్ళకు కాళ్ళు కొయ్యబారిపోతున్నాయని, ఇన్‌ఛార్జి అయిన కొత్తలో తనే పై వాళ్ళతో పోట్లాడి ఆ హీటరు తెప్పించింది, ఒకసారి ఎవరో ఆపకుండా వెళ్తే కుర్చీ గుడ్డ కమిలింది, అప్పుడు రాసింది ఆ నియమం, కుర్చీ వదిలేవారు హీటరు ఆపి లేవవలెను. ఆ రోజు ఆరు పది నుంచి ఆరు పదహారు. పక్క గదిలో ఫోను మోగింది, కింది తీరం వాళ్ళు, మీవాళ్ళు వినడం లేదా, ఒక పడవ ఇందాకటి నుంచి పిలుస్తోంది అన్నారు, తను తలుపు తోసుకుని పరిగెత్తింది. వాడు హెడ్‌ఫోన్లు చేత్తో నొక్కుకుని సెట్టు మీదికి వంగి ఉన్నాడు, తనను చూసి లేచాడు. లేచాడు, ఇన్‌ఛార్జి వస్తే లేవాలి, అక్క వస్తే లేవాలి, లేస్తూ కాలి బొటనవేలితో హీటరు స్విచ్చి నొక్కాడు, అది కూడా చూసింది తను, ఆ కంగారులో కూడా నియమం మరిచిపోలేదని ఒక మూల మెచ్చుకుంది కూడా, ఇన్నేళ్ళూ ఆ బొటనవేలు ఆవిడ జ్ఞాపకంలో ఉంది గానీ దానికి ఒక అర్థం ఉందని ఇప్పటిదాకా తోచలేదు. "అక్కా, గోలక్కా, చెవులు బద్దలైపోతున్నాయి, ఏమీ వినపడట్లేదు" అన్నాడు. తను కూర్చుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. సముద్రం నిర్మలంగా ఉంది. పడవవాడు గదిలో మాట్లాడినట్టు పలుకుతున్నాడు. గోలేదిరా. నిద్రపోయావని చెప్పడానికి సిగ్గేసి గోల అంటున్నావా. ఆపరేటరు వినలేదు, రిసీవరు బాగానే ఉంది, గోల లేదు, నేను స్వయంగా విన్నాను, సంతకం. వాడు లేవకుండా, మర్యాద తెలియనివాడిలా కుర్చీలోనే కూర్చుని, ఇదిగో నువ్వే విను అని హెడ్‌ఫోన్లు తన చేతిలో పెట్టి ఉంటే, గోల తన చెవిలోనూ మోగేది. లేచినందుకు పోయింది వాడి ఉద్యోగం. చెప్పిన మాట విన్నందుకు.

ఇంకా ఉంది. నెలాఖరుకు స్టోరు గుమాస్తా ఒక కాగితం తెచ్చాడు, పనికిరాని సామాను జాబితా, విరిగిన కుర్చీ ఒకటి, గోడ గడియారం ఒకటి, హీటరు ఒకటి, కారణం: లోపలి రేకు మాడినది. కింద సంతకం పెట్టింది తనే. ప్రపంచంలో ఏ రేకు మాడితే ఏ గోల వస్తుందో వీధి వీధినా ఉపన్యాసం చెప్పగల మనిషి, ఆ కాగితం మీద సంతకం పెట్టి, కప్పులో మిగిలిన టీ తాగి, తర్వాతి కాగితం తీసింది. ఎందుకంటే గోల లేదని అప్పటికే తీర్పు అయిపోయింది. గుమ్మంలో నిలబడి వాడన్న మాట, నీ చెవులొక్కటే చెవులా అక్కా అని. ఆవిడకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, చెవుల దాకా వేడెక్కే సిగ్గు. వాడు తొమ్మిదేళ్ళు ప్రతి సాయంత్రం, అబద్ధాలకోరని రాసిన అక్కకు, వినిపించినంత అంకె నిజాయితీగా చెబుతూ వచ్చాడు, ఒక్కరోజు కూడా తగ్గించి చెప్పలేదు, ఒక్కరోజు కూడా ఎగ్గొట్టలేదు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. మాస్టారు ఏమైందని అడిగారు. రెండు ముక్కల్లో చెప్పింది, బల్ల కింద హీటరు, వాడు లేస్తూ ఆపాడు. లెక్కల మాస్టారు కదా, రెండు ముక్కలే చాలాయి. ఆయన ఎగతాళి చేయలేదు, చేతి రేడియో ఆపి బల్ల మీద పెట్టారు.

"ఫోను చేసెయ్యవే ఇప్పుడైనా" అన్నారు మెల్లగా.

"ఫోనులో చెబితే వాడొక్కడే వింటాడు. వాడికి తెలిసిన సంగతి వాడికే చెప్పడమేమిటండీ? వాడు నిద్రపోయాడనే మిగతా పన్నెండు మందీ అనుకుంటున్నారు. వాళ్ళు వింటుండగానే చెప్పాలి" అంది.

నాలుగూ నలభై ఎనిమిది. ఇప్పుడు ఆవిడకు కంగారు లేదు. తప్పు దొరికాక ఏం చేయాలో ఆవిడకు బాగా తెలుసు, కొత్తగా వచ్చిన ప్రతి ఆపరేటరుకూ మొదటి రోజే నేర్పిన పాఠం అది, లాగ్ బుక్కులో తప్పు రాస్తే చెరపకూడదు, కాగితం చింపకూడదు, మీద సిరా పొయ్యకూడదు, ఒకే ఒక్క గీత కొట్టి, కింది అక్షరాలు కనిపిస్తూ ఉండగానే, పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. క్షమాపణలకు అందులో గడి లేదు. పెన్సిలు తీసుకుని లాగ్ బుక్కు వెనక పేజీలో రాసుకుంది, కొట్టేసింది, మళ్ళీ రాసింది, ఒక మాట ఎక్కువైందని తీసేసింది, తీసేసిన మాట తనను కాపాడే మాట, కాబట్టి తీసేయడమే మంచిది. హాజరు మధ్యలో అంకె తప్ప ఇంకో మాట అనకూడదు. ఇరవై ఏళ్ళుగా ఎవరూ ఆ చట్టం దాటలేదు, దాటినవాళ్ళను పెద్దాయన ఏం చేస్తారో కూడా ఎవరికీ తెలియదు. తెలుసుకుందాం, ఏముంది. మోకాళ్ళు సలపడం మొదలుపెట్టాయి, మాస్టారు లోపలికి వెళ్ళి దుప్పటి తెచ్చి కాళ్ళ మీద కప్పి, రేడియో పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఎదురుగా టైలరు మిషను ఆపి గుమ్మంలోకి వచ్చాడు, "అమ్మా, వస్తోందా?" అని చేత్తో సైగ చేశాడు. లేదని ఆవిడ తల అడ్డంగా ఊపింది. వాడు లోపలికి తిరిగి ఎవరికో "మన మిషనేనంట, పదకొండు రోజులూ" అని చెప్పడం వినిపించింది. మిషను కాదని టైలరుకు రేపు వచ్చాక చెప్పాలి. రేపు వచ్చాక అని ఎందుకు అనుకుంది? ఎక్కడికి వెళ్ళి వచ్చాక? ఆ సంగతి ఆవిడ బుర్రలో ఎప్పుడు తేలిందో ఆవిడకే తెలియదు గానీ తేలిపోయింది.

ఐదు. పెద్దాయన చెయ్యి, గంట కొట్టినట్టు నిదానంగా. ఒకటి. రెండు. మూడో ఆయన గీతలన్నీ పొట్టి, చెవులూ కాస్త మందం. నాలుగు, ఐదు, చెవుల్లో ఇంత నిర్మలంగా వీళ్ళంతా వినిపించి ఎన్నాళ్ళైంది. ఆరు. ఏడు. ఆవిడ కీ మీద వేళ్ళు పెట్టింది, హాజరు అని కొట్టింది, ఆరో ఆయనకు ఇవ్వాల్సిన అంకె ఇచ్చింది, చెయ్యి తీయలేదు. లాగ్ దిద్దుబాటు, అని మొదలుపెట్టింది. తేదీ చెప్పింది, అది కాగితం చూడకుండానే వచ్చింది. ఆరు పది నుంచి ఆరు పదహారు. ఆపరేటరు మెలకువగా ఉన్నాడు, కుర్చీలో ఉన్నాడు. గోల నిజం. బల్ల కింది హీటరు గోల. హీటరు తెప్పించిందీ, కుర్చీ వదిలితే ఆపమని రాసిందీ, అతను ఆపిన తర్వాత విని గోల లేదన్నదీ ఒక్క మనిషే. సంతకం, ఏడు. ఒక్క చుక్క తప్పలేదు. అప్పుడు చెయ్యి తీసి దుప్పటి సర్దుకుంది.

పన్నెండు మంది పన్నెండు ఊళ్ళలో విన్నారని ఆవిడకు తెలుస్తూనే ఉంది. పెద్దాయన మందలించలేదు. చాలాసేపటికి, రోజూ ఎలా పిలుస్తారో అలాగే, ఎనిమిది అని పిలిచారు. మేడ మీద ఎక్కడో నర్సమ్మ బకెట్టు జరిపిన చప్పుడు. అప్పుడు పలికింది ఆ చెయ్యి, లీలగా, బక్కగా, చివరి గీత సాగదీస్తూ. హాజరు. కాస్త ఆగింది. మళ్ళీ పంపు, అంది. ఇంకొంచెం ఆగి, మొదటి నుంచి, అంది.

"వినపడలేదా వాడికి?" అన్నారు మాస్టారు, ఆవిడ పెన్సిలుతో రాసింది చదివి.

వినపడకేం. వినపడనివాడు ఏ మాట దగ్గర పోయిందో చెబుతాడు, మొదటి నుంచి పంపమన్నాడంటే ఆ మూల నుంచి ఈ మూల దాకా అందినట్టే, ఆ చెయ్యి కూడా జలుబు లేకుండా, తడబాటు లేకుండా, నింపాదిగా ఉంది. వాడికి ఇంకోసారి కావాలి. ఆ పన్నెండు మందీ ఇంకోసారి వినాలి. "వెధవ" అంది ఆవిడ, కళ్ళు తుడుచుకోకుండానే నవ్వుతూ, మళ్ళీ కీ అందుకుంది. ఈసారి ఇంకా నెమ్మదిగా కొట్టింది, తేదీ నుంచి సంతకం దాకా, మూడో ఆయనకు కూడా అర్థమయ్యేంత నెమ్మదిగా. సంతకం తర్వాత ఆగాలి. ఆగలేదు. తప్పు నాదేరా, అని కొట్టింది, దానికి లాగ్‌లో గడి లేకపోతే పోయింది. రేపు నేను వస్తున్నా, నేను వచ్చేదాకా తీగ దించడానికి మేడ మీద నువ్వొక్కడివీ నిచ్చెన ఎక్కకు, అని కూడా కొట్టింది.

జవాబు వెంటనే వచ్చింది. ఏడుకు నాలుగు. ఇంత జరిగాక కూడా ఐదు అనలేదు, నాలుగు వినిపిస్తే నాలుగే. ఆవిడ ఆ అంకె రాసుకుని దాని పక్కన సమయం వేస్తుండగా, ఎనిమిది ఇంకా చెయ్యి తీయలేదని తెలిసి పెన్సిలు ఆపింది. ఒక్కో అక్షరం వస్తోంది, ఆవిడ రాస్తోంది, మాస్టారు భుజం మీదుగా వంగి చదువుతున్నారు. నిచ్చెన పక్కింటివాళ్ళది. పదకొండింటికల్లా తిరిగి ఇచ్చేయాలి. తొలి బస్సుకి రా అక్కా.